ఆరు నుంచి ఎనిమిది దాకా

కడప,
జూలై 9.

ప్రియమైన వదినా,

వందనాలు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతున్నావని తెలుసు. హాస్టల్లో మా ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉంటాయి. ఆదివారం ఒక్క గంట చేతికిస్తారు. ఆలూరులో మన ఇంటికున్న ఒక్క ఫోనూ అన్న జేబులో ఉంటుంది. అన్న పక్కన కూర్చుని ఉండగా అన్న ఎలా ఉన్నాడని అడిగితే, "బాగుండాడు" అని తప్ప నువ్వేం చెప్పగలవు? అందుకే ఉత్తరం.

ఇంకో కారణం కూడా ఉంది. మా తెలుగు మేడమ్ ఈ ఏడాది మాచేత రోజుకొక పేజీ రాయిస్తున్నారు. అనుకున్నది కాదు, చూసింది రాయండి అంటారు. నిన్న హాస్టలు వంటగదిలో పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది. దాని మీద పేజీన్నర రాశాను. కంప్యూటర్ల డిగ్రీ చదివేదానివి నీకిదేం పిచ్చే అంటుంది నా గదిలో ఉండే అంజలి. పిచ్చే. ఒక మాటకు సరైన ఇంకో మాట దొరికితే ఆ పూట నాకు ఆకలి కూడా వేయదు.

ఈ రోజుకు అన్న తాగుడు మాని నూరు రోజులు. నోటుబుక్కు చివరి పేజీలో గీతలు పెడుతున్నాను. ఈస్టరు నాడు చర్చిలో అన్న సాక్ష్యం చెప్పడానికి లేచిన తీరు నాకింకా కళ్లలోనే ఉంది. ఇంకొకసారి తాగితే ఈ కాలేయం తట్టుకోదు, మనిషి దక్కడు అని కర్నూలు డాక్టరు చెప్పిన మాట అందరి ముందూ చెప్పాడు. "సాయంత్రం ఆరుకు బండిలో సరుకు దింపినప్పటి నుంచి ఎనిమిదికి సంగటి తినేదాకా నాకు భయమప్పా. ఆ రెండు గంటలు నన్ను ఎవరన్నా పట్టుకోండి" అని ఏడ్చాడు. ఆ మర్నాటి నుంచే కదా సంఘపెద్ద ఏసన్న తాత రోజూ ఆరింటికి మన అరుగు మీదికి వచ్చి కూర్చోవడం! ఇంకా వస్తున్నాడా? అన్న విసుక్కోవడం లేదు కదా?

ఒక మంచి కబురు. చేతి వాచీలు తయారుచేసే కంపెనీవాళ్లు మా కాలేజీకి వచ్చి, 'మా ఇంటి ఆరోగ్యం' అని వ్యాసాల పోటీ పెట్టారు. మొదటి బహుమతి నాదే. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎంత నిద్రపోయామో చెప్పే వాచీ ఇచ్చారు. అది అన్నకే. ఇరవై ఒకటో తారీకు ఆదివారం గుంతకల్లు రైలుకు వచ్చి నా చేతులతో పెడతాను. వ్యాసంలో ఏం రాశానంటే... వచ్చాక చెప్తాను.

నీ
స్తుతి


ఆలూరు,
జూలై 30.

స్తుతికి,

ప్రభువు నామమున వందనాలు. నువ్వు వెళ్లిన రోజే రాద్దామనుకున్నాను. ఉల్లి నారు పనికి పోయి నడుము పట్టింది. పదో తరగతి తర్వాత నేను ఉత్తరం రాయడం ఇదే, తప్పులుంటే మీ మేడమ్‌కు చూపించొద్దు.

వాచీ సంగతి అడుగు. మీ అన్న స్నానానికి తప్ప తీయడం లేదు. మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డ తోలుకుపోయినప్పుడు హమాలీలందరికీ చూపించాడట. ఆదివారం చర్చి వదిలాక మగవాళ్లంతా చుట్టూ చేరారు. ఏసన్న తాత తన చెయ్యి చాపి, "నా నాడి కూడా చూడమనప్పా, బతికుండానో లేదో తెలుచ్చాది" అన్నాడు. "నీది చూస్తే అది భయపడి నిలిచిపోతాది తాతా" అన్నాడు మీ అన్న. "నా పెండ్లాం గుడక ఇన్ని తూర్లు నా చెయ్యి పట్టుకోల్యా. అదృష్టవంతుడివిలే" అని ఆ ముసలాయన ఒకటే నవ్వు. మీ అన్న అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

సాయంత్రాలు ఎప్పటిలాగే. తాత ఆరుకు వస్తాడు. ఇద్దరూ బొరుగులు తింటారు, రెండు కీర్తనలు పాడతారు, మిగతా సేపంతా వానల గురించి పోట్లాడుకుంటారు. ఎనిమిది కొట్టాక తాత మీ అన్న చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని లేస్తాడు. సాక్ష్యం చెప్పినవాళ్ల చెయ్యి చర్చిలో పట్టుకున్నట్టే.

వ్యాసంలో ఏం రాశావో చెప్పకుండానే రైలెక్కావు. పర్వాలేదు. మనవాళ్ల గురించి నువ్వు మంచే రాసుంటావు.

మీ వదిన
జ్ఞానమణి


కడప,
ఆగస్టు 14.

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "బతికుండానో లేదో తెలుచ్చాది" అన్నది అంజలికి చదివి వినిపించాను. కడుపుబ్బ నవ్వింది.

ఆ వాచీ ఎలా పనిచేస్తుందో చెప్తాను విను. దాని అడుగున ఆకుపచ్చ వెలుతురు ఉంది చూడు, అది చర్మం గుండా రక్తం పారే తీరు చూస్తుంది. మనసు కలత పడితే గుండె నడక మారుతుంది, అది వాచీకి తెలుస్తుంది. మనిషికి తెలియక ముందే తెలుస్తుంది! అప్పుడది మణికట్టు మీద మెల్లగా తట్టి ఒక మంచి మాట చూపిస్తుంది. వాచీ ఇచ్చిన రోజు అరుగు మీద కూర్చుని అన్న ఫోనులో నలభై ప్రశ్నలకు జవాబులు నింపింది అందుకే. ఎంత బాగా చెప్తే అంత బాగా చూసుకుంటుంది అని ఉంది అందులో. నేను ఒక్కటీ ఖాళీ వదల్లేదు.

ఒక సంగతి ఆలోచించు. ఏసన్న తాతకు డెబ్బై దాటాయి. ఆ మోకాళ్లతో రోజూ అంతదూరం నడిచి రావాలా? అన్నకు మాత్రం, నలభై ఏళ్ల మనిషికి రోజూ కాపలా ఉంటే సిగ్గుగా ఉండదా? మొన్న ఫోనులో, "వీధిలో అందరూ చూస్తాండారు పాపా, పిల్లోనికి మల్లె కూకోబెట్టినారని" అన్నాడు. ఇప్పుడు వాచీ ఉంది. ఆ పని అది చేస్తుంది, ఎవరికీ కనిపించకుండా.

తాతకు చెప్పమని కాదు. ఆలోచించమని.

నీ
స్తుతి


ఆలూరు,
సెప్టెంబరు 15.

స్తుతికి వందనాలు.

ఏసన్న తాత ఇప్పుడు రావడం లేదు. ఆయనకు మోకాళ్ల నొప్పి. ఆదివారాలు చర్చిలో కనిపిస్తాడు.

మీ అన్నకు సాయంత్రాలు తేలికగానే ఉన్నాయి. బండి కడుగుతాడు, రేడియో పెట్టుకుంటాడు. వాచీ మొదట్లో, 'శభాష్, ఈ రోజు ఆరువేల అడుగులు' అని చూపించేది. మీ అన్న దాన్ని నాకు చదివి వినిపించి, "చూడు మణీ, నువ్వు ఒక దినమన్నా శభాష్ అన్యావా?" అనేవాడు.

ఇప్పుడు మాటలు మారాయి. ఆరు దాటిందంటే గుర్రుమంటుంది. ఎనిమిది లోపల నాలుగైదుసార్లు. మొన్న ఆయన స్నానానికి పోయినప్పుడు చేతిలోకి తీసుకుని చూశాను. 'గుండె బరువుగా ఉందా? ఈ సాయంత్రం మీది. సేద తీరండి' అని ఉంది. కింద సోడా సీసా బొమ్మ. దాని మీద రెక్కల గుర్రం.

ఆ గుర్రాన్ని నేనెరుగుదును స్తుతీ. పన్నెండేళ్లు ఇంటి వెనక నేను ఏరి పారేసిన సీసాలన్నిటి మీదా అదే గుర్రం. ఇప్పుడు సోడా అంటున్నారు. రంగులు అవే, అక్షరాలు అవే.

ఆయన బయటికి వచ్చాక అడిగాను. "కంపెనీవాళ్లు ఏందో పంపుతాంటారులే, నేనేం చూస్తానా" అన్నాడు. వాచీ నా చేతిలోంచి తీసుకుని వెంటనే పెట్టుకున్నాడు. తల కూడా తుడుచుకోలేదు.

ఆ గుర్రం రాకుండా చేసే దారి నీకు తెలుసా?

జ్ఞానమణి


కడప,
సెప్టెంబరు 24.

వదినా,

పరీక్షలు, అందుకే నాలుగు మాటలే. అవి ప్రకటనలు. అందరికీ వస్తాయి. నాకు పుస్తకాలవి, అంజలికి ముఖానికి రాసుకునేవి. వేలితో పక్కకు తోస్తే పోతాయి. ఎన్నో లక్షల మందికి ఒకేసారి వేస్తారు, అన్నను చూసి పంపేవి కావు. సోడానే కదా. భయపడకు.

క్రిస్మసుకు వచ్చినప్పుడు సరిచేస్తాను.

స్తుతి


ఆలూరు,
అక్టోబరు 22.

స్తుతికి,

మేము బాగున్నాం. ఈసారి వేరుశనగ పోయింది, కాయకు ఊడలు దిగే వేళకు వాన లేదు. చర్చికి సున్నం వేశారు.

మీ అన్న ఈ మధ్య యాలకులు ఎక్కువ నములుతున్నాడు. సాయంత్రాలు యార్డులో పని ఉంటోందట, ఎనిమిదిన్నరకు వస్తున్నాడు. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు.

వాచీని సాయంత్రం పూట మాత్రం మాట్లాడకుండా ఉంచవచ్చా? క్రిస్మసు దాకా ఎందుకు, ఎలాగో రాసి పంపు. నేను చేస్తాను.

జ్ఞానమణి


కడప,
నవంబరు 12.

వదినా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. మొదట ఒక పని చెప్తాను. ఇది చదవగానే అన్న చేతికున్న వాచీ తీసెయ్. ఫోనులోంచి ఆ కంపెనీ గుర్తును తీసెయ్. ఎలాగో వెనక కాగితం మీద బొమ్మ గీశాను. తర్వాత మిగతాది చదువు.

నిన్న ఆ కంపెనీవాళ్లే మళ్లీ మా కాలేజీకి వచ్చారు. ఈసారి కళ్లకు పెట్టుకునే పెట్టె లాంటిది తెచ్చారు. అది పెట్టుకుంటే గది మాయమై, మనం వేరే చోట నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. బహుమతి వచ్చినదాన్నని నన్ను ముందు పిలిచారు. పెట్టుకున్నాను. బజారు. రెండు పక్కలా దుకాణాలు, తల తిప్పితే వెనక కూడా దుకాణాలే. ఊరికే నడిచాను, ఏదీ ముట్టుకోలేదు. తీశాక, గోపీనాథ్ అని కమలాపురం అబ్బాయి, వాళ్ల ఉద్యోగి, పక్కనున్న తెర చూపించి, "మీరు తెల్ల చొక్కా దగ్గర నాలుగుసార్లు ఆగినారు. మగవాళ్ల చొక్కా, నలభై సైజు. ఇంట్లో ఎవరికో కొనాలని ఉండాది మీకు" అన్నాడు.

ఆగినట్టు నాకే తెలియదు. ఈస్టరు నాడు అన్న వేసుకున్నది అలాంటి చొక్కా. చేతుల దగ్గర అరిగిపోయి పలచబడి ఉండేది.

"చూపు యాడ నిలుస్తాదో పెట్టె రాసుకుంటాది" అన్నాడు. "దుకాణాలవాళ్లకు అదే కావాల."

అప్పుడు నాకు నీ గుర్రం గుర్తొచ్చింది. వాచీల సంగతేమిటని అడిగాను. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు వదినా, పని నేర్చుకున్న సంతోషంలో ఉన్నాడు, నాలాగే. ప్రకటన వేసేవాళ్లకు కనిపించే పట్టిక తెరిచి చూపించాడు. అందులో మనుషులు గంపలు గంపలుగా ఉన్నారు. నిద్ర పట్టనివాళ్లు. మోకాళ్ల నొప్పులవాళ్లు. కొత్తగా పెళ్లయినవాళ్లు. వేలు కిందికి జరుపుతూ పోతే ఒక వరుస: 'మద్యం మానినవారు, మొదటి ఏడాది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది.' పక్కన మన జిల్లా పేరు.

"ఇది ఎవరు కొంటారు?" అన్నాను.

"కొనేవాళ్లు కొంటారు. మానిపించే ఆసుపత్రులు కొనొచ్చు. మానకుండా చూసేవాళ్లూ కొనొచ్చు" అని నవ్వాడు. నా ముఖం చూసి, "పేర్లుండవమ్మా, భయం లేదు. ఎవరో మాకెందుకు? ఎప్పుడో తెలిస్తే సాలు" అన్నాడు.

ఎప్పుడో తెలిస్తే చాలు. ఆ ఎప్పుడో వాళ్లకు చెప్పింది నేను.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి. నా వ్యాసం అన్న సాక్ష్యం మీదే. పేరు, ఊరు, అన్న ఫోను నంబరు, అన్నీ ఆ పోటీ ఫారం మీద ఉన్నాయి. ఇలా రాశాను: 'మా అన్నకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న రెండు గంటలు రెండు కొండలు. అప్పుడు అతని చేతులు ఖాళీగా ఉంటాయి, దారి దుకాణం ముందు నుంచే ఉంటుంది, ఎవరైనా ప్రేమగా పిలిస్తే కాదనలేడు.' ఈ చివరి వాక్యం చదివి కంపెనీ ఆమె నన్ను కౌగిలించుకుంది. అరుగు మీద నలభై ప్రశ్నలు నింపిన రోజు, 'మీ గురించి మీ మాటల్లో' అన్న చోట మళ్లీ ఆ వాక్యాలే పెట్టాను. బాగున్నాయని.

చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెప్తే మనం ప్రార్థన చేస్తాం, చెయ్యి పట్టుకుంటాం, బయట ఆ మాట ఎత్తము. అన్ని చోట్లా అంతే అనుకున్నాను. ఎంత విప్పి చెప్తే అంత మంచిదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం కదా.

నిన్న సాయంత్రమే వార్డెన్‌ను బతిమాలి ఫోను చేశాను. అన్న ఎత్తాడు. వాచీ తీసెయ్ అన్నా అన్నాను. "నువ్విచ్చిందే గద పాపా, ఎందుకు తీయాల?" అన్నాడు. గొంతు ఏదోలా ఉంది. నా వ్యాసం సంగతి నోట్లోంచి రాలేదు. "ఊరికే" అన్నాను. సిగ్గుపడ్డాను వదినా. ఆ ఒక్క నిమిషం సిగ్గు పడకుండా ఉంటే సరిపోయేది.

తీసెయ్.

స్తుతి


కర్నూలు, పెద్దాసుపత్రి,
డిసెంబరు 1.

స్తుతికి,

నువ్వు వచ్చి రెండు రోజులున్నావు. వార్డులో నేను నీతో సరిగా మాట్లాడలేదని బాధపడుతూ రైలెక్కావని తెలుసు. అది కోపం కాదు. అప్పటికి నీ ఉత్తరం నేను చూడలేదు. మేము పద్నాలుగో తారీకు రాత్రే అంబులెన్సులో వచ్చేశాం. ఉత్తరం పదహారున ఆలూరుకు వచ్చిందట. పక్కింటి హంపమ్మ దాన్ని దాచి, నువ్వు వెళ్లిన మర్నాడు పండ్లతో పాటు తెచ్చి ఇచ్చింది.

నువ్వు నా పక్కన రెండు రోజులు కూర్చున్నావు. నేను చదివేశాననుకుని ఊరుకున్నావా, చదవలేదని తెలిసి ఊరుకున్నావా? ఇది మాత్రం నాకు చెప్పు.

ఆ రోజు జరిగింది నీకు ఎవరూ సరిగా చెప్పలేదు. యార్డు గేటు దగ్గర బండి పక్కన కూర్చుని రక్తం కక్కుకున్నాడు. హమాలీలు నీళ్లు అనుకున్నారట, చీకటి పడింది కదా. వాచీ చేతికే ఉంది. ముందు ఆలూరు ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నర్సు తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు కూడా గుర్రుమంది. ఆలూరు రోడ్డులో కొత్తగా తెరిచిన బారు బొమ్మ. 'రెండో గ్లాసు మా తరపున. ప్రతిరోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా.'

నేను చదువుకున్నది తక్కువ. కానీ అవి ఎవరి మాటలో నాకు తెలిసింది. నా మొగుడు చర్చిలో ఏడుస్తూ చెప్పిన మాటలు.

మొన్న కొంచెం తెలివిలోకి వచ్చాక అడిగాను, ఎందుకు చేశావని. "నేను తాగాలనుకోల్యా మణీ. దినామూ ఆ పొద్దుకు చేతి మీద తడతాది. ఎవరో తెలిసినోడు పిలిచినట్ల ఉంటాది. ఇరవై దినాలు తిరిగి చూడల్యా. ఇరవై ఒకటో దినం చూసినా" అన్నాడు. తర్వాత, "స్తుతికి చెప్పొద్దు, దానికి బహుమతి వచ్చిన వాచీ" అన్నాడు.

నువ్వు బాగా రాస్తావు స్తుతీ. ఎవరైనా ప్రేమగా పిలిస్తే కాదనలేడు. పన్నెండేళ్లు కాపురం చేసిన నాకు ఆ మాట తట్టలేదు.

కాలేయంలో పావు వంతు మిగిలిందంటున్నారు. ఎన్నాళ్లని అడిగితే డాక్టరు నా ముఖం చూడడం లేదు.

జ్ఞానమణి


కడప,
డిసెంబరు 11.

వదినా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. మొదటి రోజు నువ్వు చదివావనుకున్నాను. రెండో రోజు పొద్దున నువ్వు నాకు ఇడ్లీ తెచ్చి, "తిను పాపా, ఎండిపోయినావు" అన్నావు. అప్పుడు తెలిసింది నువ్వు చదవలేదని. అయినా చెప్పలేదు. ఆ ఇడ్లీ తిన్నాను.

కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. గోపీనాథ్ చిరునామా ఇచ్చాడు. పాపం, అతనికీ నిద్ర లేదట. జవాబు వచ్చింది. మీ అభ్యర్థన ప్రకారం పేరు, నంబరు తొలగించాం, ఇప్పటికే నేర్చుకున్న అలవాట్లు ఎవరివో తెలియని రూపంలో ఉంటాయి, వాటిని విడదీయడం కుదరదు అని. ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉన్న షరతులకు ఒప్పుకుని నేను సంతకం పెట్టిన కాగితం కూడా జత చేశారు. సంతకం నాదే. పోటీకి వెళ్తున్న సంతోషంలో పేరు కింద గీత కూడా గీశాను.

అంటే అన్న పేరు లేకుండా ఆ రెండు గంటలు అలాగే ఉంటాయి. ఇంకెవరివో సాయంత్రాలతో కలిసి.

ఇప్పుడు పేజీ రాయమంటే మేడమ్ దగ్గర ఖాళీ పేజీ పెడుతున్నాను. చదువు ఆపేసి వచ్చేస్తాను వదినా. నువ్వు ఒక్కదానివి ఎంతని చూసుకుంటావు? నాకు నీ దగ్గర ఉండాలని ఉంది. నువ్వు ఒప్పుకుంటేనే.

స్తుతి


ఆలూరు,
జనవరి 6.

స్తుతికి,

క్రిస్మసుకు ముందు రోజు మీ అన్నను ఇంటికి తెచ్చుకున్నాం. నువ్వు రాలేదు. నేను రమ్మనలేదు కాబట్టి రాలేదని తెలుసు. ఆ రోజు చర్చిలో పాటలు మా అరుగు దాకా వినిపించాయి. మీ అన్న దుప్పటి కప్పుకుని విన్నాడు. కళ్లు పసుపు రంగులో ఉన్నాయి, కడుపు ఉబ్బింది, కాళ్లు పుల్లల్లా అయ్యాయి. తెల్ల చొక్కా వేశాను. బొత్తాలు పడలేదు.

నీకు ఒకటి చెప్పాలి. సెప్టెంబరులో నేను అబద్ధం రాశాను. ఏసన్న తాతకు మోకాళ్ల నొప్పి రాలేదు. వచ్చినా ఆయన ఆగే మనిషి కాదు. నేనే రావద్దన్నాను. రోజూ రెండు గంటలు పరాయి మనిషి అరుగు మీద, బొరుగులు వేయించు, టీ పెట్టు, వీధిలో వాళ్ల చూపులు. పొలం నుంచి వచ్చి కాళ్లు చాపుకునే వీలు లేదు. నీ ఉత్తరం వచ్చినప్పుడు నాకు సాకు దొరికింది. "తాతా, ఇంక మీకు శ్రమ వద్దు, స్తుతి వాచీ ఇచ్చినాది గదా, అది చూసుకుంటాది" అన్నాను. ఆ ముసలాయన నా వైపు చూసి, "వాచీ చూసుకుంటాదా! సరేలేమ్మా" అని కర్ర తీసుకుని పోయాడు. మీ అన్న వెనక్కి పిలుస్తాడేమో అని తాత వీధి చివర దాకా మెల్లగా నడిచాడు. మీ అన్న పిలవలేదు. నేనూ పిలవలేదు.

కర్నూలు నుంచి నీకు ఆ ఉత్తరం రాసినప్పుడు ఇది రాయలేదు. అంతా నీ మీద ఉంటే నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇప్పుడు ఆడడం లేదు, అందుకే రాస్తున్నాను.

వాచీని జొన్నల గంపలో అడుగున పెట్టాను. చార్జింగు అయిపోయి ఎప్పుడో చచ్చింది. ఫోను అమ్మేశాను. అయినా ఒక సంగతి చూడు. ఇంటికి వచ్చిన మొదటి రోజు సాయంత్రం మీ అన్న పక్కన కూర్చుని ఉన్నాను. ఆరు దాటింది. ఉత్త మణికట్టు, మీద తెల్లటి మచ్చ మాత్రం ఉంది పట్టీ ఆనవాలుగా. చెయ్యి ఉలిక్కిపడింది. తల తిప్పి మణికట్టు వైపు చూసుకున్నాడు. కాసేపటికి మళ్లీ. ఎనిమిది లోపల నాలుగుసార్లు. "యాడ పెట్టినావు మణీ?" అన్నాడు. "ఏది?" అన్నాను. రోజూ అంతే. వాళ్లు పేరు తీసేశామన్నారు కదా. ఆయన చేతిలోంచి తీయలేదు.

నేను వెళ్లి ఏసన్న తాత కాళ్ల దగ్గర కూర్చున్నాను. నేను నోరు తెరిచే లోపలే కర్ర కోసం చూశాడు. అప్పటి నుంచి మళ్లీ ఆరుకు వస్తున్నాడు. ఇప్పుడు పాటలు లేవు, మీ అన్నకు ఓపిక లేదు. వానల గోల కూడా లేదు. మంచం పక్కన పీట వేసుకుని, మీ అన్న మణికట్టు మీద తన చెయ్యి వేసి కూర్చుంటాడు. లోపల ఉలిక్కిపడినప్పుడల్లా గట్టిగా పట్టుకుంటాడు. ఎనిమిది దాకా వదలడు. నిన్న మీ అన్న, "నీ చెయ్యి బరువుండాది తాతా" అన్నాడు. "ఉండనీలేప్పా. నా నాడి కూడా చూసినట్లుంటాది" అన్నాడు ఆయన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

డాక్టరు ఉగాది దాకా అన్నాడు. నాకు మాత్రమే చెప్పాడు, ఇప్పుడు నీకు.

చదువు ఆపొద్దు. కానీ శనివారాలు రా. తాతకు నిజంగానే మోకాళ్లు నొస్తున్నాయి, వారానికి రెండు రోజులన్నా ఆ పీట మీద ఇంకొకరు కూర్చోవాలి. నేను కూర్చుంటే మీ అన్న నన్ను చూసి ఏడుస్తాడు. ఆరు లోపల వచ్చేయ్. చేతిలో ఏమీ తీసుకురావద్దు. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఎక్కడా రాయొద్దు, మీ మేడమ్‌కు కూడా.

వదిన
జ్ఞానమణి


కడప,
జనవరి 10.

వదినా,

శనివారం ఐదున్నరకు ఉంటాను.

స్తుతి